ఇద్దరుంటే ఒక బృందం

నేను పనిచేసే బడి కువైట్‌లోని హవల్లీలో ఉంది. అక్కడి లైబ్రరీ నాది. జీతం ఇచ్చేది వాళ్ళే గానీ, పెత్తనం నాదే. గొంతు పెంచినవాళ్ళు టీచర్లయినా సరే, బయటికి పంపేస్తాను. వేల్స్ నుంచి వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మతో మాత్రం ఆ అవసరమే రాలేదు. యాభై దాటిన మనిషి, సాల్మియాలో ఒక్కతే ఉండేది. రోజూ వచ్చి చెట్ల పుస్తకాలే అడిగేది. ఉండబట్టలేక, ఏదైనా పరీక్ష రాస్తున్నారా అని అడిగేశాను.

తను డ్రూయిడ్‌నని చెప్పింది. క్రీస్తు మతం రాకముందు వాళ్ళ దేశంలో చెట్లనూ నదులనూ కొలిచే పూజారులు ఉండేవారట. ఆ దారిని ఈ రోజుల్లో మళ్ళీ పట్టుకున్నవాళ్ళు ఒక సంఘం పెట్టుకుని, పోస్టులో పాఠాలు పంపుకుంటారట. చెట్టుకు దండం పెట్టడం నాకేం వింత? ఆ సంఘం నడిచే తీరే నాకు వింతగా తోచింది. ఒక చోట ఇద్దరు సభ్యులుంటే చాలు, పేరు పెట్టుకుని బృందంగా నమోదవ్వచ్చు. పాఠాల్లో మూడు మెట్లున్నాయి. మూడూ ఎక్కినవాళ్ళు ఇద్దరు తయారైతే ఆ బృందాన్ని ‘వనం’ అంటారు. పైనుంచి వచ్చి అజమాయిషీ చేసేవాళ్ళు లేరు. ఎప్పుడు కలవాలో, ఎవరిని రానివ్వాలో బృందమే తేల్చుకోవాలి.

“మరి ప్రెసిడెంటు ఎవరండీ?” అన్నాను.

“ఇద్దరికి ప్రెసిడెంటు ఎందుకు?” అంది.

మా భజన బృందం గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. మేం పదకొండు మందిమి. హార్మోనియం కొనకముందే అధ్యక్షురాలు, ఉపాధ్యక్షురాలు, ఇద్దరు కార్యదర్శులు తయారయ్యారు. హారతి ఎవరివ్వాలన్న దగ్గర రెండు నెలలు మాటల్లేవు. ఆ గొడవలో నా వంతూ తక్కువేం కాదు.

టీచరమ్మ బృందంలో రెండో మనిషి ఫహాహీల్‌లో ఉండే ఒక ఐర్లండ్ ఇంజనీరు. ఆయన ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నాడు, కాబట్టి వాళ్ళది వనం కాలేదు. అసలు ఆ వనంలో ఉన్నది బాల్కనీ కుండీలో ఒకే ఒక్క మొక్క. ఇక్కడి సిద్ర్ చెట్టు, అంటే మన రేగు. బృందానికి దాని పేరే పెట్టుకున్నారు.

డిసెంబరులో ఒకరోజు ఆమె వచ్చి పుస్తకం అడక్కుండా కూర్చుండిపోయింది. ఇంజనీరు ఉద్యోగం ఖలాస్ అయిందట, వచ్చే వారమే ప్రయాణం. ఒక్కరే మిగిలితే బృందం ఉండదు. సంఘం జాబితాలోంచి పేరు తీసేస్తారు. “ఆ జాబితాలో కువైట్ పక్కన మా పేరు చూసినప్పుడే ఇది నా ఊరనిపిస్తుంది” అంది. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ శీతాకాలపు పండగకు రమ్మని పిలిచి వెళ్ళిపోయింది. సూర్యుడు మళ్ళీ బలం పుంజుకోవాలని చేసే పండగట. కువైట్‌లో ఉంటూ ఎండ పెరగాలని కోరుకునేది వీళ్ళిద్దరే అయ్యుంటారు.

మనలో పూజకు పిలిస్తే ఒక్కరే వెళ్తారా? భజనలోంచి నలుగురిని వెంటేసుకుని, గిన్నెడు పులిహోరతో వెళ్ళాను. తలుపు తీసిన టీచరమ్మ మొహం చూశాకే అర్థమైంది, అది సభ్యుల పూజ అని, నన్నొక్కదాన్ని పిలవడానికే వాళ్ళిద్దరూ మాట్లాడుకుని తేల్చుకున్నారని. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళి ఒక్క నిమిషంలో బయటికి వచ్చారు. “బృందం సమావేశమై తీర్మానించింది. అందరూ రండి” అన్నాడు ఇంజనీరు, చాలా గంభీరంగా.

హాల్లో గుండ్రంగా నిలబడ్డాం. ఒక్కో దిక్కుకు తిరిగి అక్కడ శాంతి ఉందా అని అడగడం వాళ్ళ పద్ధతి. నేను మావాళ్ళకు తెలుగులో చెబుతున్నాను. తూర్పు అయింది, దక్షిణం అయింది, పడమర అయింది. ఉత్తరానికి వచ్చేసరికి, నాతో వచ్చినవాళ్ళలో ఒకరు, ఆ వీధిలోనే ఓ ఇంట్లో పనిచేసే కడప అక్క చెయ్యెత్తింది.

“ఆ పక్క మా మామా ఇల్లుండాది. శాంతి యాడిదమ్మా ఆడ!”

ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు. అక్క మాటను నేను ఇంగ్లీషులో చెప్పగానే ఇంజనీరు నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. టీచరమ్మ మళ్ళీ తూర్పు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

పులిహోర తిని ఇంజనీరు అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. ఆయన వెనకే తలుపు వేసి, టీచరమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడగసాగింది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. కడప అక్క నా భుజం తట్టింది.

“ఏమైంది ఆయమ్మకు?”

చెప్పాను, ఇంకొక సభ్యుడు లేకపోతే బృందం పోతుందని.

“నువ్వు ఇంగ్లీసు సదివినావు గదా. నువ్వే చేరుకో.”

“అదేంటక్కా అలాగంటావు? మన స్వామి ఏవనుకుంటాడు?”

“మన సామి ఏమన్నా కఫీలా? రిలీజు రాసిచ్చేదాకా కాసుకోనుండాల్నా?”

ఇక్కడ పని మారాలంటే మనల్ని పిలిపించుకున్న యజమాని, అదే కఫీల్, రిలీజు కాగితం రాసివ్వాలి. ఆ భయం నాలో దేవుడి దాకా పాకిందని ఆ క్షణందాకా నాకే తెలియదు. నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. వంటింట్లోకి వెళ్ళి అడిగాను, మా స్వామిని వదలకుండా చేరవచ్చా అని. ఎవరినీ వదలక్కర్లేదు, తమ సంఘంలో అన్ని రకాల భక్తులూ ఉన్నారంది. తడి చేతులతోనే నా చేతులు పట్టేసుకుంది.

దరఖాస్తు లైబ్రరీలోనే నింపాను. ఎందుకు చేరదలచుకున్నారు అన్న చోట ప్రకృతి గురించి నాలుగు గొప్ప వాక్యాలు రాశాను. చదువుకుంటే నాకే అబద్ధంగా అనిపించింది. కొట్టేసి, కింద ఒకే మాట రాశాను, మా టీచరమ్మ ఒక్కతే మిగలకూడదని.