గుయ్‌మన్న ఎర్ర గిటారు

మొన్న కొరాపుట్ బజారులో ఓ వైండింగ్ షాపు ముందునుంచి నడుస్తుంటే గుప్పుమని వార్నిష్ వాసన తగిలింది. ఫ్యాన్లకీ మోటార్లకీ రాగి తీగ చుట్టాక, ఆ చుట్టల మీద పోసి ఎండబెట్టే వార్నిష్ అది. ముక్కు అదిరిపోతుంది. నా పక్కన నడుస్తున్న ఆఫీసు స్నేహితురాలు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం సిగ్గులేకుండా అక్కడే నిలబడి గట్టిగా పీల్చాను. "ఏమైందే నీకు?" అంది. ఏం చెప్పను? ఈ వాసనకి నాకొక మనిషి గుర్తొస్తాడనీ, ఆయనకి గిటారు పట్టుకోవడం కూడా రాదనీ, అయినా నేనివాళ గిటారు వాయిస్తున్నానంటే ఆయన వల్లేననీ చెబితే నవ్విపోతుంది. నాకే సరిగ్గా అర్థం కాని సంగతి. రాస్తే అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

ఆయన పేరు అప్పన్న. పాలకొండ వైపునుంచి కుర్రతనంలో రాయగడ వచ్చి, ఫ్యాన్లూ నీళ్ళ మోటార్లూ చుట్టుకుంటూ అక్కడే ముసలివాడయ్యాడు. ఆయన షాపు వెనక రెండు గదుల్లో మేము అద్దెకుండేవాళ్ళం. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆయన శనివారం ఒంటిపూట ఉండేవాడు. అయినా నాకు మాటలొచ్చినప్పటినుంచీ ఆయన్ని మావయ్యా అనే పిలిచాను. ఏ బేరగాడొచ్చి "మో పంఖా హెలా కి?" అని తన ఫ్యాన్ సంగతి అడిగినా ఆయన తలెత్తకుండా "హెలా, హెలా", అంటే అయిపోయింది, అనేవాడు. ఆ ఫ్యాను ఇంకా విప్పి కూడా ఉండేది కాదు. ఆ మనిషి నోట "నాకు తెలీదు" అన్న మాట ఫ్యాన్ల విషయంలో నేనెప్పుడూ వినలేదు.

నా డిగ్రీ రెండో ఏడు. చర్చిలో మామూలు గిటారు వాయించేదాన్ని. కానీ కీబోర్డు కొత్తగా వచ్చాక, అందులోంచి డప్పులూ తాళాలూ అన్నీ ఒక్క మీటకి వచ్చేస్తుంటే నా గిటారు ఎవరికీ వినపడటం మానేసింది. ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంటానని సంఘ పెద్ద దేవదానం గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఈస్టరు నాడు వాయించి చూపించమ్మా. బాగుంటే క్వయర్‌లో గిటారుంటాది. లేదా, కీబోర్డే సాలు. మళ్ళీ అడగొద్దు" అన్నాడు. నాకు పాట పాడే గొంతు లేదు. గిటారు పోతే ఆ చర్చిలో నేను బెంచీ మీద కూర్చునే మనిషిని మాత్రమే. అంతకన్నా పెద్ద భయం నాకు ఆ రోజుల్లో ఇంకోటి లేదు.

మా స్తోమతకి దొరికేవి చవక రకాలే. రెండు నెలలు ఫోన్‌లో వీడియోలు చూశాను. తీగల కింద బిగించి, వాటి కదలికని కరెంటుగా మార్చి స్పీకరు బాక్సుకి పంపే ముక్కని పికప్ అంటారు. అది సన్నదైతేనే తీగ గొంతు స్పష్టంగా వినిపిస్తుందని ఒకాయన. రెండు చుట్టల వెడల్పుదైతేనే నిండుగా ఉంటుంది, సన్నది పుట్టుకతోనే గుయ్‌మంటుందని ఇంకొకాయన. అయస్కాంతం ఫలానాది కాకపోతే దండగని ఒకడు, ఆ తేడా కనిపెట్టగలిగితే చెవి కోసిస్తానని మరొకడు. చూసినకొద్దీ నాకు పిచ్చెక్కింది. చివరికి పికప్ బొమ్మ పట్టుకెళ్ళి మావయ్యకి చూపించాను. ఆయన కళ్ళు చికిలించి, "అయస్కాంతం, దాని సుట్టూ రాగి తీగ. ఓస్, ఇంతేనేటి? ఇది మన ఫ్యానుకి సెల్లెలే" అని తేల్చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నెలల్లో నాకు అర్థమైన మొదటి మాట అదే.

సునాబెడలో ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరై సొంతూరు వెళ్ళిపోతున్న ఒక తెలుగాయన దగ్గర రెండు పాత గిటార్లు ఉన్నాయని తెలిసింది. అమ్మకి డ్యూటీ. అంచేత మావయ్య షాపు మూసి నాతో వచ్చాడు. రాయగడ నుంచి కొరాపుట్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. జనవరి నెల, మధ్యాహ్నం అయినా ఆ క్వార్టర్లలో మనుషులు స్వెట్టర్లు విప్పలేదు. ఇంటాయన ఎండ పడే ముందుగదిలో రెండు గిటార్లూ, ఒక స్పీకరు బాక్సూ పెట్టాడు. ఒకటి ఎర్రది, సన్న పికప్. ఒకటి నల్లది, వెడల్పు పికప్. నేను రెండూ వాయించాను. మళ్ళీ వాయించాను. ఎర్రది బాగుందనిపించింది, నల్లది పట్టుకోగానే అదే బాగుందనిపించింది. ఇంటాయన టీ తెచ్చి, తాగేసిన గ్లాసులు తీసుకెళ్ళినా నేనింకా అక్కడే ఉన్నాను.

మావయ్యకి విసుగొచ్చింది. "అమ్మీ, గోడకేసి తిరుగు. కళ్ళు మూసుకో. నాను మోగిస్తాను, నువ్ సెప్పు" అన్నాడు. బొటనవేలితో తీగలన్నీ ఒక్కసారి బరికాడు. కాసేపాగి మళ్ళీ బరికాడు.

"ఇప్పుడు మోగిందే బాగుంది మావయ్యా. నిండుగా ఉంది" అన్నాను.

"నిజిమేనా?"

"ఒట్టు."

"రెండుసార్లూ ఎర్రదే మోగించేను."

ఇంటాయన పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం మోసం?" అని అరిచాను. మావయ్య మాత్రం నవ్వలేదు. "మోసం కాదమ్మీ. నీ సెవికి ఏది తర్వాతొస్తే అదే మంచిది. అలగైతే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం" అన్నాడు. మరి నువ్వే చెప్పమన్నాను. "నాకు ఫ్యాను మంచిదో సెడ్డదో తెలుస్తాది. పాట నాకేటి తెలుసు?" అని చేతులు కట్టుకున్నాడు. ఎంత బతిమాలినా అదే మాట. ఆఖరికి నా నోరు "ఎర్రది" అంది. ఎందుకందో నాకిప్పటికీ తెలియదు. నల్లది కొని ఉంటే ఈ కథే లేదు.

ఇంటికొచ్చి సాయంత్రం ట్యూబ్‌లైటు వేసి, గిటారుతోపాటు తెచ్చుకున్న బాక్సుకి తగిలించగానే గుయ్‌మని ఒకటే మోత. సునాబెడలో లేదే! మావయ్య షాపులోంచి పరిగెత్తుకొచ్చాడు. చెవి ఆనించి విని, "ఫ్యాను గుయ్‌మంటే ఏటి రోగం? సుట్ట సెడినట్టు. దీనిదీ అదే జబ్బు. సుట్టేద్దాం" అన్నాడు. సన్న పికప్ గుణమే అదని నేను వీడియోలో విన్నాను. కానీ సునాబెడలో గుయ్‌మనలేదు కదా, మరి వీడియో వాడిదే అబద్ధమేమో అనుకున్నాను. జీవితమంతా తీగ చుట్టిన మనిషి అంత ధీమాగా చెబుతుంటే ఫోన్‌లో మొహాన్ని ఎందుకు నమ్మాలి? గిటారు ఆయన చేతికిచ్చేశాను.

వైండింగ్ పనిలో ఒక పద్ధతి ఉంది. పాత చుట్టని కోసి తీసి, అందులో ఎన్ని టర్నులున్నాయో లెక్కపెట్టి, కొత్త తీగ అన్నే టర్నులు చుట్టాలి. మావయ్య అలవాటుగా బ్లేడు పెట్టి సర్రున కోసేశాడు. లోపల తీగ లేదు, మొక్కజొన్న పొత్తు పీచులాంటిది కుప్పగా రాలింది. వేలితో తీస్తే తెగిపోతోంది, ఊదితే ఎగిరిపోతోంది. లెక్కపెట్టడం మాట దేవుడెరుగు. ఆయన తన దగ్గరున్న తీగల్లోకెల్లా సన్నది తీసి, పట్టినంత చుట్టాడు. బాక్సుకి పెడితే దోమ పాడినట్టుంది.

నేను ఫోన్‌లో వెతికి, "ఎనిమిది వేల టర్నులంట మావయ్యా" అన్నాను.

"ఎనిమిది వేలా! ఈ బొటనేలంత దానికా?" అని ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

వెంట్రుకకన్నా సన్నటి తీగ పార్సిల్లో తెప్పించాం. అది ఆయన కళ్ళకి కనపడలేదు. అంచేత ఆయన మిషను పిడి తిప్పాడు, నేను తీగని వేళ్ళ మధ్య పట్టుకుని వదిలాను. మొదటిసారి సగంలో తెగింది. రెండోసారి ఇంకాస్త ముందుకెళ్ళి తెగింది. నేను పళ్ళు కొరికితే ఆయన, "గట్టిగా లాగితే తెగుద్ది, వదిలేస్తే వదులవుద్ది. నీ సేతికే తెలుస్తాది, నన్నడక్కు" అన్నాడు. మూడోసారి మిషను మీది లెక్క ముల్లు మధ్యలో ఇరుక్కుపోయింది. ఎన్ని చుట్టామో ఇద్దరికీ తెలియదు. తీగ అయిపోయేదాకా చుట్టి ఆపేశాం. ఈస్టరు ముందు శనివారం దాన్ని గిటారుకి బిగించాం. తీగల గొంతు దివ్యంగా ఉంది. కానీ వెనకాల అదే గుయ్!

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "నువ్వే సెడగొట్టేవు మావయ్యా! నీకు కళ్ళు కనపడవు, తెలీదనీ ఒప్పుకోవు. మంచిదాన్ని కోసి పారేసేవు" అన్నాను. షాపులో ఇద్దరు బేరగాళ్ళు ఉండగానే అన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుని, "సుట్ట మంచిదేనమ్మీ. మరి ఆ గుయ్ ఏటో..." అన్నాడు. గుడ్డ బల్ల మీద పడేసి, "రేపెన్ని గంటలకి మీ గుడి?" అని అడిగాడు. నేను విసురుగా లోపలికి పోయాను.

ఈస్టరు నాడు చర్చి కిటకిటలాడింది. ఏప్రిల్ ఎండ. ఫ్యాన్లన్నీ గిరగిరా తిరుగుతున్నాయి, పండగని ట్యూబ్‌లైట్లన్నీ వేశారు. మావయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వెనక బెంచీలో గోడవార కూర్చుని ఉన్నాడు. నేను లేచి గిటారు తగిలించగానే ఇంట్లోకన్నా పెద్దగా మోగింది గుయ్. పిల్లలు నవ్వారు. దేవదానం గారు తల అడ్డంగా ఆడించారు. గిటారు పట్టుకుని అటు తిరిగాను, ఇటు తిరిగాను. తిరిగినప్పుడల్లా మోత తగ్గుతోంది, పెరుగుతోంది. వెనక బెంచీలో మావయ్య మెడ నిక్కించి నన్ను చూశాడు. తర్వాత నన్ను వదిలేసి పైకి చూశాడు.

లేచి, గోడకున్న స్విచ్‌బోర్డు మీద చెయ్యి వేశాడు. టక్. ఒక వరస ట్యూబ్‌లైట్లు ఆరాయి. గుయ్ సగానికి తగ్గింది. టక్. రెండో వరస. ఆ తర్వాత ఫ్యాన్లు, ఒకదాని తర్వాత ఒకటి. జనం గుసగుసలాడుతున్నారు. ఆఖరి ఫ్యాను ఆగేసరికి బాక్సులో చడీ చప్పుడూ లేదు.

"ఏటండీ ఇది? ఉక్కతో సచ్చిపోతాం" అన్నారు దేవదానం గారు.

"రెండు నిమిషాలు ఓర్సుకోండి బాబూ. తప్పు గిటార్లో లేదు, పైన లైట్ల, ఫ్యాన్ల కరెంటులో ఉంది. నాను దాన్ని అనవసరంగా కోసేసేను" అన్నాడు మావయ్య, చర్చిలో అందరికీ వినపడేలా.

నేను వాయించాను. జనం పాటల పుస్తకాలతో విసురుకుంటూ విన్నారు. బాగా వాయించానో లేదో నాకు తెలియదు. నా చెమట నా కళ్ళలోకి కారుతోంది. అయ్యాక దేవదానం గారు మావయ్యనే అడిగారు: "అయితే ప్రతి ఆదివారం ఫ్యాన్లు ఆపుకోవాలేటి? ఈ గిటారు పనికొస్తాదా, రాదా?"

"ఆ అమ్మిని అడగండి" అన్నాడాయన.

అందరూ నావైపు తిరిగారు. ఏది మంచి గిటారో నాకు ఆ క్షణాన కూడా తెలియదు. "నల్లది కొనుంటే ఈ ఇబ్బంది ఉండేది కాదండీ. అయినా నేను దీన్నే వాయిస్తాను" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఎలా వచ్చిందో! దేవదానం గారు మొహం తుడుచుకుని, "సరే, ఒక్క పాటకి ఆపుకుందాం" అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా చర్చి ముసలమ్మలు నేను లేస్తే చాలు విసనకర్రలు తీసేవాళ్ళు.

జనం నా చుట్టూ మూగారు. వాళ్ళనుంచి తెమిలి చూసేసరికి మావయ్య వెళ్ళిపోయాడు. మర్నాడు, అన్న మాటకి క్షమించమని అడుగుదామని షాపుకి వెళ్ళాను. ఆయన ఓ మోటారు విప్పుకుంటూ, "సుట్ట ఎలగుంది? వేడెక్కలేదు గదా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే బతికిపోయింది" అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఎదురుగా బేరగాళ్ళు ఉన్నారు. మాట అనడానికి అడ్డురాని బేరగాళ్ళు, క్షమించమనడానికి అడ్డొచ్చారు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు చాలాసార్లు వచ్చింది, చాలాసార్లు పోయింది.

నాకు కొరాపుట్‌లో ఉద్యోగమొచ్చింది. ఆయన పోయి మూడేళ్ళు. ఆ శనివారం రాత్రే ఆయనకి సంగతి తట్టి, కావాలనే స్విచ్‌బోర్డు పక్కన కూర్చున్నాడా, లేక చోటు దొరక్క అక్కడ కూర్చున్నాడా, నాకు తెలియదు. నా తిట్టు గుర్తుందా, ఆ రోజే మర్చిపోయాడా, అదీ తెలియదు. ఇప్పుడు ఎవరైనా ఏ గిటారు కొనాలని అడిగితే నాకు తెలిసిందంతా చెప్పి, తెలియనిది తెలియదనే చెబుతున్నాను. క్షమించు మావయ్యా అన్న మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఎవరికివ్వాలో తెలియడం లేదు.