వెనకనించి పిలవని పిల్ల

పూంగావనానికి పదిహేనేళ్లు. ఎవర్నీ వెనకనించి పిలవదు. పరుగున ముందుకెళ్లి, ఎదురు నిలిచే మాట్లాడుతుంది. దొరల పిల్లల్ని సాకే అక్క తిలగం వాళ్లతో ఫ్రాన్సుకు పోతోందని, మళ్లీ ఎన్నేళ్లకొస్తుందో తెలీదని, క్రిస్మస్ నాడు విల్లియనూరులో తొలిసారి ఒంటరిగా రైలెక్కి పుదుచ్చేరి వచ్చింది. చర్చి గంటల మధ్య, కొత్తబట్టల జనాన్ని తోసుకుని రేవు చేరేసరికి తిలగం సముద్రంలోకి కట్టిన వంతెన మీద, ఓడకు చేర్చే పడవకేసి నడుస్తోంది. ముసలి కావలివాడు పూంగావనాన్ని ఆపేశాడు.

"గట్టిగా పిలువు పాపా, తిరిగి చూస్తాది!"

"పయనం పొయ్యేవాళ్లను ఎనకనించి పిలవగూడదు తాతా."

అక్కడే నిలబడి చూస్తున్నాను; నేను తిరిగిన రేవులన్నిట్లోనూ పేరుపెట్టి అరిచేవాళ్లనే చూశాను. ఈ పిల్ల మాత్రం అక్క కోసం తెచ్చిన మురుకుల మూట గుండెకు హత్తుకుని ఊరుకుంది. తిలగం తిరగలేదు. పడవ చుక్కంతయి, ఇక వినపడదని నమ్మకం కుదిరాక, "అక్కా" అంది.