పొగ ఆగకముందే పెట్టిన మూత

కోర్టులో ముప్పై ఏళ్లు టైపు కొట్టిన ఆవిడను రిటైరయ్యాక కూడా అందరూ టైపమ్మ అనే పిలిచేవారు. ఆవిడ కొట్టిన కాగితంలో తప్పు దొరకడం అరుదు. దొరికినా, అది రాసిచ్చిన గుమాస్తా తప్పయ్యేది తప్ప ఆవిడది ఎన్నడూ కాలేదు.

ఖాళీగా కూర్చోలేక ఆవిడ రాగి నగల పనిలో పడింది. రాగి పొడిని జిగురుతో కలిపిన ముద్ద పొట్లాల్లో దొరుకుతుంది. దాన్ని పలచగా ఒత్తి, ఆకులుగానో పూలుగానో కోసి, ఆరబెట్టి కాలిస్తే జిగురు మాడిపోయి రాగి గట్టిపడుతుంది. వినడానికి అంతే. కుండలు చేయడం నేర్పే మాస్టారొకాయన వదిలించుకుంటున్న పాత కరెంటు బట్టీని తెచ్చి వెనక వరండాలో పెట్టించింది. బట్టీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన వచ్చి కాయిల్ మార్చి, వేడి చూపించే మీటరు బిగించి వెళ్లాడు. పెద్దవయసు మనిషి, పనిలో ఉంటే పలకరించినా పలకడు.

మొదటిసారి గాలి తగిలేలా కాల్చింది. నల్లటి పెచ్చులు లేచాయి. రెండోసారి వేడి ఎక్కువై బొబ్బలొచ్చాయి. మూడోసారి నగలు పెట్టిన డబ్బాను బట్టీ తలుపుకు ఆనించి పెట్టడంతో ఆ వైపువి పచ్చిగా మిగిలాయి. పక్కవాటాలో ఉండే వదిన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి చెవులకా, చెప్పులకా?" అని అడిగింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

కిందామీదా పడి టైపమ్మ చివరికి పని పట్టుకుంది. రెండుసార్లు కాల్చాలి. మొదట సన్నని వేడి మీద, పళ్లెంలో తెరిచిపెట్టి, జిగురు పొగ పూర్తిగా ఆగేదాకా. తర్వాత ఉక్కు డబ్బాలో బొగ్గు నూక మధ్య పూడ్చి, మూత పెట్టి, పెద్ద వేడి మీద మూడు గంటలు. కానీ ఆ పొగ వెంట్రుకలు కాలినట్టు కంపు కొట్టేది. మేడమీది వాళ్లు రెండుసార్లు దిగివచ్చి ముక్కు మూసుకుని మాట్లాడి వెళ్లారు. అప్పటినుంచి అరగంట కాగానే ఆవిడకు కాలు నిలిచేది కాదు. పొగ ఇంకా సన్నగా వస్తుండగానే బొగ్గు పోసి మూత పెట్టేసేది. పైకి ఎర్రగా, ముచ్చటగా వచ్చేవి. లోపల ఎలా ఉందోనన్న అనుమానం ఉన్నా, ఒక్కటీ విరిచి చూడలేదు.

వదిన లైబ్రరీలో ఆడవాళ్ల సమావేశం పెట్టి ఆ నగలను బల్లమీద పేర్పించింది. మెకానిక్‌ను కూడా పిలిచారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. సమావేశానికి వచ్చిన బడి హెడ్మిస్ట్రెస్ ఆకు బిళ్ల ఒకటి మెడలో వేసుకుని అందరివైపు తిరిగింది. తిరిగిందో లేదో, బిళ్ల రెండు ముక్కలై టపీమని నేలమీద పడింది.

అందరూ టైపమ్మ వైపు చూశారు. ఆవిడ వేలు దానంతటదే మూడో వరసకు వెళ్లింది.

"ఆయన బాగుచేసిన బట్టీ అండీ. వేడి సరిగ్గా రావట్లేదు."

చూపులన్నీ అటు మళ్లాయి. మెకానిక్ లేచి నిలబడ్డాడు. రేపు వచ్చి చూస్తానన్నాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక, దానితోనే బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. తన మీటరు పెట్టి బట్టీ ముందూ వెనకా చూశాడు. వేడి సరిగ్గానే ఉంది. విరిగిన ముక్కను కిటికీ దగ్గర పట్టుకున్నాడు. లోపల మసిలా నల్లగా ఉంది.

"మొదటి కాల్పులో పొగ పూర్తిగా ఆగనిచ్చారా అమ్మా?"

"ఆగనిచ్చానండీ," అంది టైపమ్మ.

ఆయన ముక్కను కిటికీ గట్టుమీద పెట్టాడు. అలాగైతే లోపం తన పనిలోనే ఉండాలన్నాడు. బాగున్న కాయిల్‌ను ఊడదీసుకుని వెళ్లి, కొత్తది చుట్టి, మూడో రోజు తెచ్చి బిగించాడు. మోకాళ్లమీద వంగి ఆయన మరలు తిప్పుతున్నంతసేపూ టైపమ్మ వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

ఆ సాయంత్రం మేడమీదికి వెళ్లి, ఇవాళ పొగ వస్తుంది, ఓర్చుకోండని అడిగింది. వాళ్లు సరే అని కిటికీలు వేసుకున్నారు. అంత చిన్న మాట ఇన్నాళ్లూ అడగనందుకు ఆవిడకు సిగ్గేసింది. పొగ ఆగడానికి రెండు గంటలు పట్టింది. ఆ తర్వాతే మూత పెట్టింది. తెల్లారి తీస్తే ఒకటి మాత్రం వంకరపోయింది. మిగతావి బల్లమీద వేస్తే ఖణేలుమన్నాయి. వంచినా విరగలేదు.

వాటిని తీసుకుని మెకానిక్ ఇంటికి వెళ్లింది. చెప్పేద్దామనే బయల్దేరింది. ఆయన వాటిని చూడగానే తేలికపడి ఊపిరి వదిలాడు.

"అయితే నా కాయిలేనమ్మా తప్పు. చెయ్యి పట్టు తప్పుతోంది. ఇక బట్టీల పని మానేద్దామనుకుంటున్నా. నిన్న ఇద్దరికి రానని చెప్పేశా."

టైపమ్మకు తల కొట్టేసినట్టయింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కాయిల్‌కు ఏమీ కాలేదనీ, పొగ ఆగకముందే తానే మూత పెట్టేదాన్ననీ, ఆ సంగతి అడిగిన రోజు కూడా తనకు తెలుసనీ నేలచూపులు చూస్తూ చెప్పింది.

ఆయన ఆవిడ తెచ్చిన ఆకు బిళ్ల నొకదాన్ని వేళ్ల మధ్య తిప్పాడు.

"అక్కడ అందరిలో అన్నారు. ఇక్కడ నాకొక్కడికే చెబుతున్నారు."

కోపంగా అనలేదు. ఆవిడ తలవంచుకుని గేటు దాటింది.

తర్వాతి సమావేశంలో టైపమ్మ లేచి నిలబడింది. కాగితం మీద రాసుకుని వెళ్లింది గానీ అక్షరాలు కనిపించలేదు. బట్టీ బాగానే ఉందని, తప్పు తనదని, అడిగితే అబద్ధమాడానని చెప్పింది. వింటున్నవాళ్లు ఇబ్బందిగా కదిలారు. ఆ మాత్రం దానికి ఎందుకండీ అని ఎవరో సర్దబోయారు. ఆ మాత్రం కాదని టైపమ్మ మళ్లీ చెప్పింది. మెకానిక్ ఆ రోజు రాలేదు. వదినే ఆయన ఇంటికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చింది.

ఆయన మళ్లీ పనులు ఒప్పుకుంటున్నాడు. టైపమ్మ బట్టీకి ఏదైనా వస్తే అదీ చూస్తాడు. కాకపోతే కబురు వదినకే పంపుతాడు, వదిన ఇంట్లో ఉన్నప్పుడే వస్తాడు. ఆయన వచ్చినప్పుడల్లా టైపమ్మ వరండా గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఏమైనా అడుగుతాడేమోనని.