బల్లకి ముందు శనివారం

మా నాయనమ్మ ఏసమ్మకి ఒకటే జబ్బు. చేసిన తప్పులే కాదు, మనసులో అనుకున్నవి కూడా వెళ్ళి ఒప్పుకునేది. ఎవరి గురించి అనుకుందో వాళ్ళకే, వాళ్ళ గుమ్మంలోనే.

మొగల్తూరు దగ్గర మా ఊరి గుడిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరి మనసు వాళ్ళు వెతుక్కోవాలని పాస్టరు గారు చెప్పేవారు. అందరూ కళ్ళు మూసుకుని అర నిమిషంలో వెతికేసుకునేవారు. నాయనమ్మకి ముందురోజు శనివారం అంతా పట్టేది. పొద్దున్నే పెరట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ నెలంతా తిరగేసుకునేది. ఆ తర్వాత చెప్పులేసుకుని బయలుదేరేది. అది చూడగానే మా వీధిలో తలుపులు టపటపా మూసుకునేవి. నేను ఏడో తరగతి తప్పి ఇంట్లోనే ఉండేదాన్ని గనక ఈ తమాషా అంతా దగ్గరుండి చూశాను.

"శ్యామలాంబా, మొన్న గుడిలో నువ్వు పాట ఎత్తుకుంటే ఎవరి గేదో ఈనుతోందనుకున్నానమ్మా. క్షమించు."

శ్యామలాంబ నెల్లాళ్ళు పాడలేదు. మరుసటి నెల నాయనమ్మ మళ్ళీ వెళ్ళింది. "నువ్వు పాట మానేశాక ఆరాధన హాయిగా ఉందనుకున్నానమ్మా. అదీ తప్పే గదా!"

పాస్టరు గారినీ వదల్లేదు.

"అయ్యగారండీ, మీ ప్రసంగంలో రెండోసారి నిద్రపోయానండి."

"మొదటిసారి సంగతేంటమ్మా?"

"అది పోయిన నెలే ఒప్పుకున్నానండి."

అప్పట్నుంచి బల్లకి ముందు శనివారం ఆయన మొదటి బస్సుకే నరసాపురం వెళ్ళిపోయేవారు.

"నాయనమ్మా, ఊళ్ళో వాళ్ళ తప్పులు కూడా నీకు తెలుసు గదా, అవి చెప్పవేం?" అని అడిగాను ఓసారి.

"వాళ్ళవి వాళ్ళు చూసుకుంటారే. నావే నాకు తెమలడం లేదు."

ఇలా ఉండగా, తొంభై ఎనిమిదిలో మా వెనకింటి తోడికోడళ్ళ గొడవ పెళ్ళి దాకా వచ్చింది. పెద్దావిడ పాపాయి, చిన్నావిడ సత్యకుమారి. ఒకే వాకిలి, రెండు గుమ్మాలు. పాపాయి కోడి వెళ్ళి సత్యకుమారి గడ్డిమేటులో పదకొండు గుడ్లు పెట్టింది. ఆ గుడ్లు ఎవరివన్న దగ్గర మాటలు ఆగిపోయి రెండేళ్ళు. సత్యకుమారి కూతురు ప్రేమజ్యోతి పాపాయి ఒళ్ళో పెరిగిన పిల్ల. ఆ పిల్ల పెళ్ళి శుభలేఖ పక్క గుమ్మానికి పోస్టులో వెళ్ళింది.

"పోస్టులో పిలిచినవాళ్ళకి పోస్టులోనే దీవెనలు" అంది పాపాయి.

వచ్చే గురువారం పెళ్ళనగా, శుక్రవారం ప్రేమజ్యోతి మా ఇంటికొచ్చి ఏడ్చింది. "పెద్దమ్మ రాకపోతే నాకు పెళ్ళిముసుగు ఎవరు వేస్తారు మామ్మా? నాకీ పెళ్ళే వద్దు."

నాయనమ్మ కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచి పంపింది. శనివారం చింతపండు ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత చెప్పులేసుకుని వెనకింటి వాకిట్లో నిలబడి ఇద్దర్నీ పిలిచింది. ఒకావిడ తూర్పుకీ ఒకావిడ పడమరకీ చూస్తూ బయటికొచ్చారు.

"మీ ఇద్దరి దగ్గరా నాదో తప్పుందమ్మా. వారం వారం పాపాయి నా దగ్గరికొచ్చి, జ్యోతి చిక్కిందేంటత్తా, సత్యకి నడుంనొప్పి తగ్గిందా అని అడిగేది. వస్తూ చేపల పులుసు తెచ్చేది. సత్య వచ్చి, అక్క మోకాళ్ళెలా ఉన్నాయత్తా అని అడిగేది. చింతచిగురు రొయ్యలు తెచ్చేది. ఒక్కసారి మీకు చెప్పి చూశాను. కలపడానికి కల్పిస్తున్నావన్నారు. అమ్మయ్య, మా ఇంటికి కూరలు ఆగవనుకుని ఇక నోరు మూసుకున్నాను. క్షమించండి."

బల్లకి ముందు శనివారం నాయనమ్మ నోట అబద్ధం రాదని ఊరందరికీ తెలుసు. బాధలు పడి మరీ తెలుసుకున్నారు.

"నా మోకాళ్ళ గురించి అడిగిందా?" అంది పాపాయి మెల్లగా.

"వారం వారం."

"పులుసు కోసం రెండేళ్ళు దాస్తావా అత్తా!" అని సత్యకుమారి అందుకుంది.

"వయసొచ్చింది గాని బుద్ధి..." అని పాపాయి మొదలుపెడితే, "రాలేదక్కా!" అని సత్యకుమారి పూర్తిచేసింది. అలా ఇద్దరూ కలిసి గంటసేపు తిట్టారు. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఎప్పుడూ ఒక్కొక్కళ్ళ గుమ్మానికి విడిగా వెళతావు గదా, ఇవాళ ఇద్దర్నీ ఒకచోటే నిలబెట్టావేం?" అన్నాను ఇంటికొచ్చాక.

"రెండు గుమ్మాలు ఎక్కే ఓపిక లేకే" అని మంచినీళ్ళు తాగింది. ఓ పక్క నవ్వు దాచుకుంటూనే ఉంది.

మర్నాడు గుడిలో తోడికోడళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చుని నాయనమ్మ వీపుని గుర్రుగా చూస్తున్నారు. సంఘపెద్ద గారు పంచుతున్న రొట్టె పళ్ళెం వచ్చింది. నాయనమ్మ తీసుకోలేదు. పక్కకి జరిపేసింది. వాళ్ళింకా క్షమించామనలేదు గదా! నలభై ఏళ్ళలో ఆవిడ బల్ల మానడం ఎవరూ చూడలేదు. పళ్ళెం రెండు వరసలు దాటిపోయింది.

సత్యకుమారి దిగ్గున లేచింది. "సంఘపెద్ద గారూ, కాస్త ఆగండి!" పళ్ళేన్ని వెనక్కి తీసుకొచ్చి నాయనమ్మ ముందు పెట్టింది. పాపాయి వెనకనుంచి నాయనమ్మ వీపులో వేలితో పొడిచింది.

"తీసుకో అత్తా. మేమిద్దరం క్షమించాం. కూర మాత్రం పంపం" అంది.

గురువారం ప్రేమజ్యోతికి ముసుగు పాపాయే వేసింది. అన్నట్టే మా ఇంటికి రెండు నెలలు కూర పంపలేదు.

ఇప్పుడు ఒప్పుకోవడం నా వంతు. నాయనమ్మ తన అన్నంలో కాస్త పులుసు పోసుకుని, ముక్కలన్నీ నా కంచంలో వేసేది. ఆ రోజు ఇద్దరూ ఆవిణ్ణి తిడుతుంటే నేను గుమ్మం చాటున నిలబడి కిక్కురుమనలేదు. పాపాయి పెద్దమ్మా, సత్య పిన్నీ, రెండేళ్ళూ ఆ ముక్కలు తిన్నది నేను. క్షమించండి.

రొయ్యల్లో మాత్రం ఉప్పు ఎక్కువైందని అప్పుడప్పుడూ అనుకున్నాను.