చలికి ఆకు రాల్చిన చెట్లు

నిన్న పొద్దున మా అంటు కట్టే అవ్వ పోయింది. సరిహద్దు అవతల కొంటా దగ్గరి మా నర్సరీకి కబురొచ్చేసరికి నారుకు నీళ్ళు పెడుతున్నాను. పైపు అక్కడే పడేసి పరుగెత్తాను.

పాడె దగ్గర ఎవడో "పాపం, కూలీ ముసల్ది" అన్నాడు. ఒళ్ళు మండింది. మా వైపు బత్తాయి తోటలు ఎందుకు ఎండుతున్నాయో ముందు పసిగట్టింది ఆ కూలీయే.

బత్తాయిని జంబేరి నిమ్మ వేరు మీద అంటు కడతాం. మట్టిలోని నులిపురుగులు ఆ వేళ్ళను పట్టి పీల్చేస్తాయి. అవి కంటికి ఆనవు. అవ్వ పిల్లవేరు తెంపి బకెట్ నీళ్ళలో జాడించేది. మట్టి వదలకపోతే "పట్టినయ్" అనేది.

తోటలు చూడవచ్చిన ఆఫీసరు సాబ్ ఒకాయన నవ్వాడు. "పురుగులు నీకు కనబడతాయా అమ్మా?"

"నాకెందుకు సాబ్? వేరుకు కనబడ్డయ్ గదా."

ఎవరి దగ్గర సంపాదించిందో, ఆ పురుగు పట్టని వేరని మూడాకుల ముళ్ళ నారింజ గింజలు తెచ్చి వరసగా నాటింది. నేను పనిలో చేరిన కొత్త. చలికాలంలో ఆ మొక్కలన్నీ మోడులయ్యాయి. చచ్చాయనుకుని వరసంతా పీకేశాను. అవ్వ ఒక మొక్క తీసుకుని గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది.

"చలికి ఆకు రాల్చిందే, చావలే! అంత నోరుంది గదా, ఒక్క మాట అడగరాదు? తిట్టనీకేనా అది?"

మళ్ళీ నాటితే నాలుగే బతికాయి. అవే విత్తనపు చెట్లయ్యాయి. ఏళ్ళు పట్టింది గానీ, వాటి నారు మీద అవ్వ కట్టిన బత్తాయిలు జంబేరి అంటులు ఎండిపోయిన మట్టిలోనే కాపుకొచ్చాయి. ఆ వేరు జాడిస్తే మట్టి వదిలి తెల్లగా తేలింది. సాబ్ దానికి ఫొటో తీసుకుని పోయాడు. కట్టిన చెయ్యి ఎవరిదని అడగలేదు. నాకు కోపం, అవ్వకు నవ్వు. "చెట్టు నిలబడ్డది చాల్లేవే" అంది.

ఇవాళ నర్సరీ మాలిక్ ఆ నాలుగు చెట్ల దగ్గర ఆగాడు. మళ్ళీ చలికాలం, మళ్ళీ మోడులు.

"ముసల్దాంతోపాటే పోయినయ్. పీకెయ్, షెడ్డు ఏద్దాం."

"పీకను."

కొమ్మ వంచి, ఆయన ముఖం ముందే గోటితో గీకాను. పచ్చగా, తడిగా ఉంది. మాలిక్ వంగి ఆ గీత చూసి వెళ్ళిపోయాడు. ఆ పచ్చదనం నా గోటి కింద ఇంకా ఉంది. కడుక్కోలేదు.