సాయిలు వేలి తొడుగు

తూకం వేస్తే తులం కూడా ఉండదు ఆ తొడుగు. పదకొండేళ్లుగా నా గుండెల మీద ఉన్న బరువు మాత్రం అదే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

బోధన్‌లో నాది బైకు సీట్లు కుట్టే దుకాణం. సాయిలు, నేను చిన్నప్పటి నుంచీ ఒకే క్రికెట్ జట్టు. ఇద్దరం ఫాస్ట్ బౌలర్లమే, కానీ కొత్త బంతి ఎప్పుడూ వాడికే. ఒక ఏడు చెరుకు గానుగలో పడి వాడి కుడిచేతి చూపుడువేలు సగం పోయింది. ఏడ్చాను, నిజంగానే. కొత్త బంతి నా చేతికి వచ్చినందుకు లోపల సంతోషించాను. అదీ నిజమే.

వాడు ఊరుకోలేదు. వేగం వదిలేశాడు. పరుగు తగ్గించి, మిగిలిన వేళ్లతోనే బంతి తిప్పడం నేర్చుకున్నాడు. బంతి వదిలేటప్పుడు మొండివేలికి రాసుకుని, పల్చటి చర్మం చిట్లి రక్తం కారేది. అప్పుడు నేనే సీటు రెగ్జిన్ ముక్కతో దానికో తొడుగు కుట్టాను. జారుతోందంటే తిరగేసి, గుడ్డవైపు బయటికి పెట్టి మళ్లీ కుట్టాను. నాలుగోసారికి కుదిరింది. ఆ సాయంత్రం వాడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. తర్వాత వాడి బంతి ఆడగలిగినవాడు మా చుట్టుపక్కల లేడు.

నిజామాబాద్‌లో జిల్లా జట్టుకు ఎంపిక మ్యాచ్. మా జట్టు నుంచి ఒక్క బౌలర్‌నే తీసుకుంటారన్నారు. బంతి వేసే చేతికి అంపైర్ అనుమతి లేకుండా ఏదీ తొడగకూడదని నాకు తెలుసు. మా ఊరి ఆటల్లో అదెవరూ పట్టించుకోలేదు. పొద్దున నీళ్లు తాగే వంకతో అంపైర్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. నియమం నియమమే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నియమం మీద అంత ప్రేమే ఉంటే వారం ముందు సాయిలుకే ఎందుకు చెప్పలేదు? ముందే అడిగితే అనుమతి దొరికేదేమో. దొరుకుతుందనే కదా నా భయం?

తొడుగు తీయించారు. వాడు వట్టి వేలితోనే వేశాడు. రెండో ఓవర్‌కే వేలు చిట్లి బంతి రక్తంతో తడిసింది. మిగతా ఓవర్లు నాకిచ్చారు. నన్నే తీసుకున్నారు.

తిరుగు బస్సులో వాడు నా పక్కనే కూర్చున్నాడు.

"బాల్ ముట్టకముందే చెయ్యి సూపియ్యమన్నడురా. ఎవడో మనోడే చెప్పిండు. నాకైతే మన కీపర్ గంగాధర్ మీదనే డౌటు. నువ్వేమంటవ్?"

"ఏమోరా. ఎవరి మనసుల ఏమున్నదో."

"నిన్నైతే అననురా. కుట్టినోడే తీయిస్తడా?"

నేను కిటికీ వైపు తిరిగాను. గంగాధర్ కాదు అని ఒక్క ముక్క అనలేకపోయాను. వాళ్లిద్దరి పొలాలకూ ఒకే కాలువ నీళ్లు. ఆ రోజు నుంచి మాటల్లేవు. గంగాధర్ పెళ్లికి కూడా సాయిలు పోలేదు. నమ్మినవాడు మోసం చేశాడని వాడికి తెలుసు. ఎవరన్నది మాత్రం తప్పుగా తెలుసు.

సాయిలు మళ్లీ బంతి పట్టలేదు. కానీ చెరుకు కొట్టే కత్తి పట్టాలంటే ఆ వేలికి తొడుగు కావాలి. అందుకని ఏటా కోతలకు ముందు నా దుకాణానికి వస్తాడు. కొలత నాకు కంఠతా వచ్చు. అయినా వాడు మిషను బల్ల మీద వేలు చాపుతాడు, నేను టేపు చుడతాను. ఎవరైనా ఉంటే నన్ను చూపించి, "నా దోస్తు" అంటాడు. ఆ మాటకు నేను తల ఎత్తలేను.

నిన్న కూడా వచ్చాడు. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అంపైర్‌కు చెప్పింది నేనే. ఇదిగో, రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. వాడికి చెప్పకుండా నాకు ఊపిరి ఆడటం కూడా తప్పే అనిపిస్తోంది. తొడుగు కుట్టడం అయిపోయింది. రేపు తీసుకుపోవడానికి వస్తాడు.