పండుగకు ఇద్దరు సాక్షులు

జహ్రాన్ నీళ్ల ట్యాంకర్ తోలుతాడు. కొండల నడుమ ఊళ్లకీ, కాలువ ఎండిన ఖర్జూరం తోటలకీ నీళ్లు మోస్తాడు. మంచివాడే గానీ, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపానికి మూలపురుషుడు వాళ్ల పెదనాన్న మర్హూన్.

ఆ ఇంటికి కళ్లే ఆస్తి. రంజాన్ ముగిసింది, రేపు పండుగ అని ఊరికి చెప్పాలంటే నెలవంకను కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు కావాలి. మూడు తరాలుగా ఆ మాట చెబుతున్నది ఆ ఇంటి మగవాళ్లే. అలాంటి ఇంట్లో పుట్టిన జహ్రాన్‌కి బడి వయసులోనే కళ్లద్దాలు వచ్చాయి. "డేగల గూట్లో గబ్బిలం పుట్టిందిరా" అని పెదనాన్న నలుగురిలో నవ్వాడు. ఒకరోజు ఆ అద్దాలు లాక్కుని కాలువలో విసిరేశాడు. పిల్లవాడు మోకాటి లోతు నీళ్లలో తడుముకుంటుంటే గట్టు మీద నిలబడి వేడుక చూశాడు. పెద్దరికం అంటే అదేనేమో మరి.

పెద్దయ్యాక జహ్రాన్ మస్కట్ వెళ్లి కళ్లకు లేజర్ చేయించుకున్నాడు. అద్దాలు పోయాయి. కొండెక్కి పెదనాన్న పక్కన నిలబడ్డాడు, నెలవంకను చూశాడు, ఖాజీ గారి ముందు సాక్ష్యం చెప్పాడు. "ఇప్పుడు మావాడివి అనిపించుకున్నావురా" అని పెదనాన్న భుజం తట్టాడు. అంతకుముందు ఎవరివాడో ఆయన చెప్పలేదు.

రెండేళ్లు తిరిగేసరికి దూరాన ఉన్న బోర్డులు మళ్లీ అలుక్కుపోవడం మొదలైంది. మస్కట్ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది.

"లేజర్‌తో కంటి మీది పొర పలచబడింది. లోపలి ఒత్తిడి దాన్ని కాస్త ముందుకు తోస్తోంది. అందుకే పాత మసక తిరిగొచ్చింది. ఒత్తిడి తగ్గించే చుక్కలు వేసి చూద్దాం. కొందరికి సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు. ఈలోగా బండి తోలేటప్పుడు అద్దాలు పెట్టుకోండి."

ఉబ్బసం ఉందా, గుండె జబ్బేమైనా ఉందా అని అడిగి, లేవన్నాకే మందు రాసింది.

జహ్రాన్ ఆ చీటీ పట్టుకుని ఊళ్లోని మందుల షాపుకు వెళ్లాడు. అక్కడ కూర్చునే ఘనియా వరసకి వదిన.

"మళ్లీ ఎందుకయ్యా? మొన్ననేగా మీ పెదనాన్నకి ఇచ్చాను!"

"పెదనాన్నకా? ఈ చుక్కలా?"

"ఆయనకి నీటికాసులు కదా, కంట్లో ఒత్తిడి. పక్కచూపు ఎప్పుడో పోయిందట..." అంటూనే నాలుక కరుచుకుంది. "నీకు తెలీదా? నా నోరు పడిపోను! నేను చెప్పానని అనకు మరిదీ, నీకు పుణ్యముంటుంది."

జహ్రాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. మొన్న నట్టింట్లో కాఫీ గిన్నెలు తన్ని పడేసి, "దారిలో పెట్టడానికి బుద్ధి లేదా?" అని కోడలిని ఏడిపించినది ఈ కళ్లతోనా! జబ్బు వచ్చినందుకు కాదు జహ్రాన్ కోపం. జబ్బు ఎవరికి రాదు? తనకి అద్దాలొస్తే కాలువపాలు చేసిన మనిషి, సొంత జబ్బును మాత్రం దాచిపెట్టుకున్నాడు. అదీ మంట. కానీ తన చుక్కల సంగతి తనూ దాచాడు కదా. అందుకే ఆ మంట మీద నీళ్లు పోసే దారి కూడా లేకపోయింది.

ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం ఊరంతా కొండ మీదికి చూస్తోంది. ఇళ్లల్లో మాంసానికి మసాలా పట్టించి ఆకుల్లో చుట్టేశారు, హల్వా బాణలి పొయ్యి మీదుంది. పైన ఖాజీ గారు చాప మీద కూర్చున్నారు. పొద్దు గుంకింది.

"అదిగో!" మర్హూన్ చెయ్యి చాపాడు. "కొండ కొమ్ము పైన, సన్నగా!"

అందరూ చూశారు. ఎవరికీ ఏమీ కనబడలేదు. అయినా ఎవరూ కాదనలేదు. చెబుతున్నది మర్హూన్ మరి.

"రెండో సాక్షి?" అన్నారు ఖాజీ గారు.

"మావాడున్నాడుగా. చెప్పరా జహ్రాన్!"

జహ్రాన్‌కి ఆకాశమంతా ఒకే మసక. నెలవంక లేక కనబడలేదో, చూపు లేక కనబడలేదో వాడికే తెలియలేదు. పెదనాన్న దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"నిజంగా చూశావా?"

"నలభై ఏళ్లుగా చూస్తున్నా. ఎక్కడుంటుందో నాకు తెలీదా?"

"ఉంటుందని తెలియడం వేరు, చూడడం వేరు. నీ చుక్కల సంగతి నాకు తెలుసు పెదనాన్నా."

"అయితే? నోర్మూసుకుని 'చూశాను' అను. ఇంటి పరువు తీయకు."

"పరువా? గుడ్డి సాక్ష్యాలు రెండు కలిపి ఊరందరి చేతా ఉపవాసం మానిపిస్తావా? నీకేమన్నా మతి ఉందా?"

జహ్రాన్ జేబులోంచి అద్దాలు తీశాడు. అంతమంది ముందు పెట్టుకున్నాడు. పెదనాన్న వేలు చూపిన చోటే, కొండ కొమ్ము మీద రాళ్లు ఒక్కొక్కటీ కనబడ్డాయి. వాటిపైన ఆకాశం ఖాళీగా ఉంది.

"నాకేమీ కనబడలేదు ఖాజీ గారూ. నా చూపు మళ్లీ తగ్గింది, చుక్కలు వేసుకుంటున్నాను. అద్దాలతోనే చూశాను. అక్కడేమీ లేదు."

"అద్దాల్లోంచి చూసేదీ ఒక చూపేనట్రా, దరిద్రుడా!" మర్హూన్ వాడి చెంప ఛెళ్లుమనిపించాడు.

"మీరు ప్రమాణం చేస్తారా మర్హూన్ గారూ?" అన్నారు ఖాజీ గారు.

"చెయ్యి," అన్నాడు జహ్రాన్ పళ్ల మధ్య నుంచి. "నువ్వు చేస్తే మిగతాది నేను చెబుతా."

మర్హూన్ మళ్లీ కొండ కొమ్ము వైపు చూశాడు. చివరికి, "దుమ్ము గీత అయ్యుంటుంది. పొరబడ్డాను," అన్నాడు.

కింద ఊరు ఉసూరుమంది. రేపు కూడా ఉపవాసమే. జనం గొణుక్కుంటూ దిగిపోయారు. చీకటి పడుతోంది. మర్హూన్ ఒక అడుగు వేసి ఆగాడు, పక్కన రాయి ఎక్కడుందో కాలితో వెతికాడు. మళ్లీ ఆగాడు. జహ్రాన్ వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ముసలాయన వాడి భుజం పట్టుకున్నాడు.

"నా గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా. నువ్వు మా రక్తమే కాదు. మెల్లగా నడవరా, చచ్చినోడా!"

దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. జహ్రాన్‌కి చెంప ఇంకా మండుతోంది, కోపం ఇసుమంతైనా తగ్గలేదు. నడక మాత్రం తగ్గించాడు.